తగు చర్చ నిమిత్తం

నేను ఒక రబ్బరు ముద్రను. మూడు వేళ్ళతో పట్టుకుంటే సరిపోయేంత దాన్ని. పైన అంకుడు కర్ర పిడి. కింద రెండు వరుసల రబ్బరు అక్షరాలు ఉండేవి. ఇప్పుడు ఒక వరుసే ఉంది. పై వరుస ఏమైందో తర్వాత చెబుతాను.

ఆ పై వరుసలోనే ఊరి పేరు ఉండేది. వరుసతో పాటు అదీ పోయింది. అందుకని మీది ఏ ఊరు అని అడిగితే చెప్పలేను. గెడ్డ పక్కన ఊరు. వానలకి పారే చిన్న ఏటిని మా వైపు గెడ్డ అంటారు. గెడ్డకి ఇవతల ఊరు, పంచాయతీ ఆఫీసు, బడి. అవతల నలభై ఇళ్ళ పేట. మధ్యలో ఒక కల్వర్టు. ఇంతవరకు తెలిస్తే చాలు.

నేను పుట్టింది పట్నంలో. బస్టాండు వెనక సందులో పాపయ్య కొట్టు. అప్పటికే అందరూ ముద్రలు కంప్యూటరు మీద చేయించుకుంటున్నారు. పాపయ్య మాత్రం సీసం అక్షరాలు పేర్చి, అచ్చు తీసి, రబ్బరు కాల్చి చేసేవాడు. అతని దగ్గర చిన్న చిన్న అరల చెక్కపెట్టె ఒకటి ఉంది. ఒక్కో అక్షరానికి ఒక్కో అర. గుణింతాలకు వేరే, వత్తులకు వేరే.

ఆ పెట్టెలో అన్నిటికంటే ముందు అరిగిపోయేది యవత్తు. పాపయ్య దగ్గరికి వచ్చేవి ఎక్కువ ఆఫీసు ముద్రలే. కార్యాలయం అనాలంటే యవత్తు కావాలి. కార్యదర్శి అనాలన్నా కావాలి. విద్య, వైద్యం, వ్యవసాయం, న్యాయం, అన్నిటికీ కావాలి. పన్నుకు మాత్రం అక్కర్లేదు.

నా కోసం వచ్చిన చీటీలో రెండు వరుసలు ఉన్నాయి. మొదటిది గ్రామ పంచాయతీ కార్యాలయం, పక్కన ఊరి పేరు. రెండోది తగు చర్య నిమిత్తం. అంటే యవత్తులు రెండు కావాలి. ఆ రోజు పెట్టెలో పనికొచ్చేది ఒక్కటే మిగిలింది. పాపయ్య పైనుంచి కిందికి పేర్చుకుంటూ వస్తాడు. ఆ ఒక్కటీ కార్యాలయానికి పోయింది. చర్య దగ్గరికి వచ్చేసరికి అర ఖాళీ.

అప్పుడతని కళ్ళజోడు నుదుటి మీద ఉంది. వేలితో పక్క అర తడిమాడు. ఏదో వత్తు తగిలింది. పెట్టేశాడు. తెలిసి పెట్టాడో తెలియక పెట్టాడో నేను చెప్పలేను. అది చవత్తు. అలా నేను తగు చర్య నిమిత్తం కావలసినదాన్ని, తగు చర్చ నిమిత్తం అయిపోయాను.

నన్ను తీసుకుపోవడానికి గవరయ్య వచ్చాడు. పంచాయతీ ఆఫీసులో అటెండరు. పాపయ్య నన్ను ఒక పాత కాగితం మీద కొట్టి చూపించాడు. గవరయ్య కాగితం ఎత్తి వెలుతురుకు పెట్టి, మసక లేదు కదా అని చూసుకున్నాడు. వంకర లేదు కదా అని చూసుకున్నాడు. చదవలేదు. నన్ను జేబులో వేసుకుని బస్సెక్కాడు.

ముద్రను ఎవరూ చదవరు. పడిందా లేదా అనే చూస్తారు. ఈ సంగతి నాకు పుట్టినరోజే తెలిసింది.

మొదటి రెండేళ్ళు నాకు పెద్దగా పని లేదు. అప్పుడు సర్పంచి తవిటమ్మ. ఆఫీసు నుంచి మూడిళ్ళ అవతల ఇల్లు. ఎవరికి ఏ కష్టం వచ్చినా కాగితం పట్టుకుని ఆఫీసుకు వచ్చేవాళ్ళు కాదు. తవిటమ్మ పేడకళ్ళాపి జల్లుకుంటూ ఉంటే వెళ్ళి గుమ్మం ముందు నిలబడేవాళ్ళు. తవిటమ్మ గొప్ప మనిషేమీ కాదు. కుర్చీలో సగం రోజులు ఆమె మొగుడు కూర్చునేవాడు. చుట్టాల వీధికే ముందు లైట్లు వేయించిందని అనేవాళ్ళు. ఆ మాట ఆమె ముందే అనేవాళ్ళు. ఆమె తిట్టేది. వాళ్ళూ తిట్టేవాళ్ళు. నాలుగు రోజులకి రెండో వీధికీ లైటు వచ్చేది. నేను సొరుగులో ఎండిపోయి పడుకునేదాన్ని.

తర్వాత ఆమె గడువు అయిపోయింది. ఎన్నికలు రాలేదు. వార్డుల లెక్క తేలలేదన్నారు. ఊరిని పట్నంలో కలుపుతారన్నారు. కలపరన్నారు. ఎవరో కోర్టుకు వెళ్ళారన్నారు. ఏదైతేనేం, తవిటమ్మ దిగిపోయింది, ఆ కుర్చీలోకి ప్రత్యేకాధికారి వచ్చాడు.

ఆయన పేరు శేషావతారం గారు. అసలు ఉద్యోగం పట్టుపరిశ్రమ శాఖలో. మా ఊళ్ళో మల్బరీ మొక్క ఒక్కటీ లేదు. ఆయనకు మా ఊరితో కలిపి ఐదూళ్ళు అప్పజెప్పారు. కార్యదర్శి పోస్టు ఖాళీగా ఉంటే అది కూడా ఆయనకే ఇచ్చారు. మా ఊరికి గురువారం వచ్చేవాడు. పదకొండున్నరకి వచ్చి రెండున్నర బస్సుకి వెళ్ళేవాడు.

చెడ్డమనిషి అంటే నా నోరు పడిపోతుంది. ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. మంచినీళ్ళు కూడా ఇంటి దగ్గర నుంచి సీసాలో తెచ్చుకునేవాడు. అర్జీ ఇస్తే రెండు చేతులతో తీసుకునేవాడు. మొత్తం చదివేవాడు. చదివి గవరయ్య వైపు తిప్పేవాడు. గవరయ్య నన్ను ప్యాడ్ మీద రెండుసార్లు, కాగితం మీద ఒకసారి కొట్టేవాడు. ఆయన నా కింద సంతకం పెట్టేవాడు. అర్జీదారుడికి నకలు ఇచ్చేవాడు.

"పైకి పంపిస్తున్నానండి" అనేవాడు.

పైన ఎవరున్నారో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. అడిగిన వాళ్ళూ లేరు. ముద్ర పడిన కాగితం చేతిలో ఉంటే మనిషికి పని సగం అయినట్టే ఉంటుంది. మడిచి జేబులో పెట్టుకుని దండం పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. తవిటమ్మ కూడా వాళ్ళ వీధి కుళాయి గురించి ఒకసారి అర్జీ తెచ్చింది. ఆమెకూ నకలు ఇచ్చారు. ఆమె కాసేపు ఆ కుర్చీ వైపు చూసి వెళ్ళిపోయింది.

రోజుకు వంద దెబ్బలు తిన్న గురువారాలు ఉన్నాయి. నా పిడి మీద లక్క రంగు పోయి గవరయ్య వేళ్ళ గుంటలు పడ్డాయి. అందరూ నా కోసమే వస్తున్నారని గర్వపడ్డాను కూడా. అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఆ రోజుల్లోనే సంస్కరణలు వచ్చాయి. పాలనను జనం గుమ్మం ముందుకు తెస్తున్నామని కాగితం వచ్చింది. మా ఆఫీసుకు నీలం రంగు వేశారు. గోడకు పెద్ద బోర్డు పెట్టారు. బోర్డు మీద మూడు గళ్ళు. ఏ పని, ఎవరు చేయాలి, ఎన్ని రోజుల్లో. పనులు ఇరవై రాశారు. ఎవరు చేయాలి అన్న గడిలో ఇరవైసార్లు సంబంధిత అధికారి అని రాశారు. ఎన్ని రోజుల్లో అన్న గడిని స్థానికంగా నింపుకోవాలన్నారు. మా దగ్గర ఎవరూ నింపలేదు. పెయింటరు వచ్చినప్పుడు గురువారం కాదు.

ఇలా మూడేళ్ళు గడిచాయి. నాలుగో ఏడు అక్టోబరులో తుఫాను వానలకి గెడ్డ మీద కల్వర్టు కూలిపోయింది. తూములు పగిలి, పైన మట్టి కొట్టుకుపోయింది. ఎండాకాలంలో మనుషులు గెడ్డలోకి దిగి ఎక్కుతారు. బండి దాటదు.

అవతల పేటలో నూకరత్నం ఉంది. ఆమె మొగుడు పోలినాయుడు. కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపేవాడు. రెండేళ్ళ కిందట కిడ్నీలు పోయాయి. వారానికి రెండుసార్లు, సోమవారం శుక్రవారం, పట్నం ఆసుపత్రిలో రక్తం కడిగించుకోవాలి. కల్వర్టు ఉన్నప్పుడు ఆటో ఇంటి ముందుకు వచ్చేది. కూలిపోయాక ఆటో ఇవతల గట్టు మీద ఆగిపోయేది. నలుగురు మనుషులు అతన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, గెడ్డలోకి దింపి, మళ్ళీ ఎక్కించేవాళ్ళు. వచ్చేటప్పుడు మళ్ళీ అంతే.

తుఫాను వారంలో ఒక సోమవారం తప్పిపోయింది. గెడ్డ నిండుగా పారుతుంటే కుర్చీ దింపలేకపోయారు. పోలినాయుడికి కాళ్ళూ ముఖమూ ఉబ్బిపోయాయి. ఆయాసం వచ్చింది. ఎలాగో బతికాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ నూకరత్నాన్ని పక్కకు పిలిచి చెప్పిందట. ఒకటి తప్పితే చూశావు కదా, వరసగా రెండు తప్పితే నా దగ్గరికి తీసుకురానక్కర్లేదు అని.

జూన్ రెండో వారానికి మా వైపు వానలు దిగుతాయి. ఒకసారి గెడ్డ పారడం మొదలుపెడితే నెలల తరబడి ఆగదు. ఆలోగా కల్వర్టు కట్టాలి. నూకరత్నానికి కావలసింది ఇదొక్కటే.

ఆమె నవంబరులో మొదటి అర్జీ తెచ్చింది. నన్ను కొట్టారు. కాగితం మండలం ఇంజనీరు ఆఫీసుకు వెళ్ళింది. గెడ్డ మాది కాదు, నీటిపారుదల వాళ్ళది అని రాసి తిప్పి పంపారు. నన్ను మళ్ళీ కొట్టి నీటిపారుదల వాళ్ళకు పంపారు. కింద పారే నీరు మాది, పైన పోయే దారి మాది కాదు అని వాళ్ళు రాశారు. రోడ్ల వాళ్ళకు పంపారు. ఈ దారి మా జాబితాలో లేదు అని వాళ్ళు రాశారు. చివరికి కాగితం మా ఆఫీసుకే వచ్చింది, తగు చర్య తీసుకోవలసిందిగా కోరుతూ. దాని మీద నాలుగోసారి నన్ను కొట్టారు.

డిసెంబరులో రెండో అర్జీ. అదీ అదే దారిన తిరిగి వచ్చింది. మే నెలకి ఏడు అయ్యాయి. ఏడు నకళ్ళూ ఆమె ఒక ప్లాస్టిక్ కవరులో దాచుకునేది. ప్రతిసారీ శేషావతారం గారు రెండు చేతులతో తీసుకుని, మొత్తం చదివి, నా పరిధిలో ఉన్నంతవరకు చేస్తున్నానమ్మా అనేవాడు. అది అబద్ధం కాదు. ఆయన పరిధిలో ఉన్నది నేనే.

మే రెండో గురువారం నూకరత్నం పొద్దున్నే వచ్చేసింది. ఆయన రావడానికి ఇంకా మూడు గంటలుంది. మెట్ల మీద కూర్చుంది. చేయడానికి పనేమీ లేదు. కవరు విప్పి కాగితాలు చదవడం మొదలుపెట్టింది.

నూకరత్నం బడికి వెళ్ళలేదు. ముప్పై ఏళ్ళ వయసులో వయోజన విద్య సెంటర్లో అక్షరాలు దిద్దుకుంది. అందుకని ఆమె చదువు మనలా పరుగెత్తదు. ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి, గుణింతం పలికి, వత్తు పలికి, అప్పుడు ముందుకు వెళ్తుంది. బాగా చదువుకున్నవాళ్ళు మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించుకుంటారు. ఆమెకు ఊహించుకోవడం రాదు. ఉన్నది చదువుతుంది.

నా దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. రెండో కాగితం తీసింది. మూడోది తీసింది. లేచి లోపలికి వచ్చింది. గవరయ్య సొరుగు తుడుస్తున్నాడు.

"అన్నియ్యా, ఇదేటి? చర్చ అనుంది."

గవరయ్య తల ఎత్తకుండానే, చర్యమ్మా, తగు చర్య నిమిత్తం, అన్నాడు.

"కాదు. చ. రకు చ వత్తిస్తే ర్చ. చర్చ."

గవరయ్య కాగితం తీసుకున్నాడు. తర్వాత సొరుగులోంచి నన్ను తీశాడు. తిరగేసి చూశాడు. నా అక్షరాలు ఎదురు తిరిగి ఉంటాయి కాబట్టి అతనికి అర్థం కాలేదు. ఒక పాత కవరు మీద కొట్టాడు. ఆరేళ్ళుగా నన్ను కొడుతున్న మనిషి ఆ రోజు మొదటిసారి నన్ను చదివాడు. చదివి కుర్చీలో కూర్చున్నాడు. అది అతని కుర్చీ కాదు. ఆ సంగతి కూడా మరిచిపోయాడు.

"ఎవులికీ సెప్పకు సెల్లీ" అన్నాడు. "నా పింఛనుకి ఇంక ఏడాదే ఉంది."

నూకరత్నం తన కాగితం తీసుకుంది. వెళ్ళి మళ్ళీ మెట్ల మీద కూర్చుంది.

పదకొండున్నరకి శేషావతారం గారు వచ్చాడు. నూకరత్నం ఎనిమిదో అర్జీ ఇస్తుందనుకుని రెండు చేతులూ చాపాడు. ఆమె ఏడు నకళ్ళూ బల్ల మీద పరిచింది. వరసగా ఏడు చోట్ల వేలు పెట్టి చూపించింది. ఆయన కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. గవరయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

ఇది అచ్చు తప్పమ్మా అన్నాడాయన. చర్య అని ఉండాలి, ఏం ఫరవాలేదు, భావం ముఖ్యం.

"చర్యే అయితే సూపించండి బావూ" అంది నూకరత్నం. "ఏడు కాగితాల్లో చర్య ఎక్కడుందో సూపించండి. చర్చ అయితే జరిపించండి. రెండింట్లో ఏదో ఒకటి అవ్వాల గదా. ముద్ర సర్కారుదే గదా."

ఆయన నన్ను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. ఎన్నాళ్ళ నుంచి వాడుతున్నారని గవరయ్యని అడిగాడు. ఆరేళ్ళని గవరయ్య చెప్పాడు. ఆయన పెదాలు కదిలాయి. ఆయన ఏం ఆలోచిస్తున్నాడో నాకు తెలుసు. వేల కాగితాలు నాతో పైకి వెళ్ళాయి. మండలానికి వెళ్ళాయి, జిల్లాకు వెళ్ళాయి. అక్కడ వాళ్ళు నా పక్కనే తమ ముద్రలు కొట్టి తిప్పి పంపారు. ఇది తప్పు అని ఇప్పుడు రాస్తే, మరి ఇన్నాళ్ళూ చూడలేదా అని అడుగుతారు. ఆయన్ని అడిగినవాళ్ళను వాళ్ళ పైవాళ్ళు అడుగుతారు. అందరూ సంజాయిషీ రాసుకోవాలి.

ఆయన నన్ను బల్ల మీద నిలబెట్టాడు. గొంతు సవరించుకున్నాడు.

"ముద్రలో తప్పు లేదు. చర్చ అనే ఉద్దేశంతోనే చేయించారు."

గవరయ్యకి దగ్గు వచ్చింది.

మరి చర్చ ఎప్పుడని నూకరత్నం అడిగింది. గ్రామసభ పెట్టాలి కదమ్మా అన్నాడాయన. పెట్టండి అంది. ఏడాదికి ఇన్నిసార్లని గ్రామసభ పెట్టాలని ఆయనకు తెలుసు. నాలుగేళ్ళలో పెట్టినట్టు పుస్తకంలో ఉంది. ఊళ్ళో ఎవరికీ తెలియదు. వచ్చే గురువారం అన్నాడు. ఆమె వెళ్ళలేదు. తారీకు అడిగింది. ఆయన తారీకు చెప్పాడు. అప్పుడు కాగితాలు కవరులో పెట్టుకుని లేచింది.

ఆ వారమంతా ఊరు నవ్వింది. టీ కొట్టు దగ్గర ఒకరినొకరు, ఏరా చర్యా చర్చా, అని పలకరించుకున్నారు. తవిటమ్మ అయితే, నా కుళాయికి కూడా చర్చే కొట్టారా, అందుకేనా గాలి తప్ప నీళ్ళు రావట్లేదు, అందట. నవ్వి ఊరుకుంటారనే అనుకున్నాను. బడి వరండాలో గ్రామసభకు నూట ఇరవై మంది వచ్చారు. గవరయ్య నన్నూ ప్యాడ్‌నీ తువ్వాల్లో చుట్టుకుని తెచ్చి బల్ల మీద పెట్టాడు. అందుకని నేను అన్నీ చూశాను.

బడి వరండా మీంచి గెడ్డ కనిపిస్తుంది. శేషావతారం గారు సంస్కరణల గురించి మాట్లాడుతున్నాడు. పాలన మీ గుమ్మం ముందుకు వచ్చిందని అంటున్నాడు. అప్పుడు అవతల గట్టు మీంచి నలుగురు మనుషులు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి గెడ్డలోకి దింపుతున్నారు. కుర్చీలో పోలినాయుడు. జారిపోకుండా నడుముకు చీర కట్టారు. కుర్చీ పక్కకు ఒరిగింది, నిలబడింది, రాళ్ళ మీంచి వచ్చింది, ఇవతల గట్టెక్కింది. శేషావతారం గారు మాట్లాడటం ఆపేశాడు. ఎవరూ ఆపమనలేదు. నాలుగేళ్ళలో ఆయన ఆ గెడ్డ వైపు చూడటం అదే మొదటిసారి. బస్సు ఇటు వైపే ఆగుతుంది.

కుర్చీ తెచ్చి ఆయనకు ఎదురుగా దింపారు. పోలినాయుడు కాసేపు ఊపిరి తీసుకున్నాడు.

తర్వాత అందరూ అడగడం మొదలుపెట్టారు. కల్వర్టు ఎవరిది? ఎవరు కడతారు? వానలు వస్తున్నాయి కదా. ఒకరి మాట మీద ఒకరు అడిగారు. శేషావతారం గారు కాగితాలు చూపించాడు. ఇంజనీరు ఇలా రాశాడు, నీటిపారుదల వాళ్ళు ఇలా రాశారు. చెమట తుడుచుకున్నాడు. చివరికి ఒక మాట అన్నాడు. ఆ మాట ఆయన మనసులో నాలుగేళ్ళుగా ఉండి ఉంటుంది.

"నన్ను మీరు ఎన్నుకోలేదండి. నేను ఉద్యోగిని. నన్నిలా నిలదీస్తే ఎలా?"

అందరికీ అది న్యాయంగానే వినిపించింది. అప్పుడు పోలినాయుడు మెల్లిగా అన్నాడు. అతనికి గట్టిగా మాట్లాడే ఓపిక లేదు.

"ఎన్నుకున్నోలైతే ఓటుకి మళ్ళీ వొత్తారు బావూ. అప్పుడు అడుగుతాం. తవిటమ్మని అలాగే అడిగినాం. తమరు మళ్ళీ రారు గదా. అందుకే ఇప్పుడు అడుగుతన్నాం."

తవిటమ్మ, నన్ను అడగడమేటి, తిన్నగా తిట్టినారు, అంది. అందరూ నవ్వారు. శేషావతారం గారికీ నవ్వు వచ్చింది. వచ్చాక, ఆపుకోవాలని గుర్తొచ్చింది.

నూకరత్నం లేచింది. ఆఫీసు గోడ మీద బోర్డులో సంబంధిత అధికారి అని ఇరవైసార్లు ఉందని, ఇరవైసార్లూ చదివానని చెప్పింది. ఆ అధికారి గారు ఎవులు బావూ, ఏ ఊళ్ళో ఉంటారు, మేమే వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాం అని అడిగింది. వెటకారం కాదు. నిజంగానే అడిగింది. అలాంటి మనిషి ఎవరూ లేరని చెప్పడం ఎవరికైనా కష్టమే.

శేషావతారం గారు తీర్మానం రాస్తానన్నాడు. పుస్తకం తీసి, కల్వర్టు విషయమై గ్రామసభలో చర్చించడమైనది, అని రాశాడు. అలవాటు కొద్దీ పుస్తకం గవరయ్య వైపు తిప్పాడు. గవరయ్య అలవాటు కొద్దీ నన్ను ఎత్తాడు. నేను ప్యాడ్ మీదికి దిగుతున్నాను. అక్కడ ప్యాడ్ లేదు. నూకరత్నం అరచెయ్యి ఉంది.

ఆరేళ్ళలో నన్ను ఆపిన మనిషి ఆమె ఒక్కతే. ప్యాడ్ మొత్తం కప్పేసేలా చెయ్యి పరిచింది. వేళ్ళ సందుల్లోంచి ఊదా ఇంకు పైకి వచ్చింది.

"ముద్ర వద్దు బావూ. చేత్తో రాయండి. ఎవులు సేత్తారు, ఏ తారీకుకి సేత్తారు. తమరి పేరు రాయండి."

గవరయ్య నన్ను గాలిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. శేషావతారం గారు ఆమె వైపు చూడలేదు. కుర్చీలో మనిషి వైపు చూశాడు. అతని నడుముకు కట్టిన చీర వైపు చూశాడు. పెన్ను తీశాడు. చాలాసేపు రాయలేదు. సంతకం పెట్టడం ఒకటి, తన పేరు తను విడి అక్షరాల్లో రాయడం ఒకటి. తర్వాత రాశాడు. ఈ కల్వర్టు పని జూన్ పదో తారీకులోగా చేయించే బాధ్యత నాది, శేషావతారం, ప్రత్యేకాధికారి. రాసింది నూకరత్నానికి ఇచ్చాడు. ఆమె ఊదారంగు వేలు పెట్టి, ఒక్కో అక్షరం, ఒక్కో వత్తు చదివింది. బాధ్యత దగ్గర యవత్తు ఉందో లేదో రెండుసార్లు చూసుకుంది.

చేత్తో రాసిన పేరుకి ఎంత పనుందో నాకు ఆ తర్వాత తెలిసింది. ఆ మూడు ఆఫీసులకూ ఆయన తనే వెళ్ళాడు. గురువారం కాని రోజుల్లో కూడా మా ఊళ్ళో కనిపించాడు. తూములు మండలం ఆఫీసు వెనకే పడి ఉన్నాయట, రెండేళ్ళ నుంచి. వాటిలో కుక్క ఒకటి పిల్లల్ని పెట్టుకుని కాపురం ఉంది. దాన్ని పక్కకు తోలి తూములు ట్రాక్టరెక్కించారు. గెడ్డ ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. తేలకుండానే కల్వర్టు కట్టారు. పదో తారీకు అన్నది పదకొండు అయింది. ఆ ఒక్క రోజుకీ నూకరత్నం వెళ్ళి ఎందుకని అడిగింది. ఆయన చెప్పాడు. ట్రాక్టరు చక్రం దిగబడింది అని.

పద్నాలుగున వాన దిగింది. పదిహేను సోమవారం. ఆటో పోలినాయుడి ఇంటి ముందుకు వెళ్ళింది.

శేషావతారం గారిని ఆగస్టులో మార్చారు. శిక్ష కాదు, మామూలు బదిలీయే. వెళ్ళేముందు ఆఫీసుకు కొత్త ముద్ర తెప్పించాడు. కంప్యూటరు మీద చేసింది. చర్య అని స్పష్టంగా ఉంది. నన్ను రద్దు చేస్తూ చీటీ రాశాడు. దుర్వినియోగం కాకుండా కార్యాలయం పేరు చెరపవలెను అని. గవరయ్య బ్లేడు తీసుకుని నా పై వరుస గీకేశాడు. గ్రామ పంచాయతీ పోయింది. ఊరి పేరు పోయింది. కార్యాలయం పోయింది, దాంతో పాటు ఆ ఒక్క యవత్తూ పోయింది. కింది వరుస గురించి చీటీలో ఏమీ లేదు. గవరయ్య దాన్ని ముట్టుకోలేదు. అతను ఎప్పుడూ చీటీలో ఉన్నదే చేస్తాడు.

అందుకని నా మీద ఇప్పుడు మిగిలింది తగు చర్చ నిమిత్తం. అంతే.

మరుసటి ఏడు గవరయ్య పింఛను తీసుకుని వచ్చేశాడు. నన్ను జేబులో వేసుకుని తెచ్చుకున్నాడు. కల్వర్టు పక్కన టీ కొట్టు దగ్గర చెక్కబల్ల ఒకటి ఉంది. ఊరివాళ్ళు కూర్చుని మాట్లాడుకునేది దాని మీదే. దానికి ఒక కోడు పొట్టి. ఎవరు కూర్చున్నా ఊగుతుంది. గవరయ్య నన్ను ఆ కోడు కింద పెట్టాడు. సరిగ్గా సరిపోయాను. నాలుగేళ్ళ గర్వం అణగడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. ఇక్కడి నుంచి ఆటో వెళ్ళడం, రావడం కనిపిస్తుంది. ఒక్కోసారి పోలినాయుడు ఆటో ఆపించి, ఆ సీట్లోంచే ఒక మాట కలిపి వెళ్తాడు.

ఎన్నికలు ఇంకా రాలేదు. కొత్త ప్రత్యేకాధికారి గారు వచ్చారు. ఆయన చేపల శాఖ. ఆయనా గురువారమే.

ఊళ్ళో మంచినీళ్ళ ట్యాంకు కడిగి ఏడాదిన్నర అయింది. నీళ్ళు వాసన వస్తున్నాయి. పోలినాయుడిలాంటి వాళ్ళకి ఆ నీళ్ళు తాగించకూడదు. నూకరత్నం అర్జీ ఇచ్చింది. కొత్త ముద్ర కొట్టి నకలు ఇచ్చారు. ఆమె ఈ బల్ల మీద కూర్చుని, వేలు పెట్టి, ఒక్కో అక్షరం చదివింది.

"ఈసారి తప్పు లేదు అన్నియ్యా" అంది. "చర్య అనే ఉంది. ఇంకేటని అడుగుతాం?"

గవరయ్య టీ తాగుతున్నాడు. ముప్పై ఏళ్ళు ఆ ఆఫీసులో పనిచేసి అతను సొంతంగా ఒక్క మాట అనలేదు. గ్లాసు కింద పెట్టాడు. గురువారం ఈ బల్ల అక్కడేసుకుందాం అన్నాడు.

అలాగే చేశారు. ఇవాళ గురువారం. పొద్దున్నే తవిటమ్మ ఒక కొస, గవరయ్య ఒక కొస పట్టుకుని బల్లని ఆఫీసు గుమ్మం ముందుకు మోసుకొచ్చారు. వెనక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ కూడా వచ్చింది. పోలినాయుడు నడిచి వచ్చి దాంట్లో కూర్చున్నాడు. బల్ల ఊగుతుంటే గవరయ్య జేబులోంచి నన్ను తీసి కోడు కింద పెట్టాడు. ఆరుగురు కూర్చున్నారు. ఊగలేదు.

ఇలా నేను మళ్ళీ ఆఫీసుకు వచ్చాను. అప్పుడు బల్ల మీద ఉండేదాన్ని, ఇప్పుడు బల్ల కింద ఉన్నాను. బల్ల కింద అంటే మీరు ఇంకోలా అనుకోకండి. పదకొండున్నర కావస్తోంది. రోడ్డు మీద బస్సు ఆగిన చప్పుడు వినిపించింది. నూకరత్నం కొంచెం పక్కకు జరిగి, కొత్తాయన కూర్చోవడానికి చోటు చేసింది.